అరచేతికి పెట్టిన మందు

బుడే సాయిబు ఎవర్నీ తొందరగా నమ్మేవాడు కాదు. ఎద్దుకి ఆరు పళ్ళే పడ్డాయని యజమాని ఎన్ని ఒట్లు పెట్టుకున్నా నోరు తెరిపించి చూసేవాడు. చూశాక వేలు పెట్టి తడిమేవాడు. గేదె నిండా పాలిస్తుందంటే తన కళ్ళ ముందు పిండాల్సిందే. సంతలో బేరం తేలేదాకా అమ్మేవాడు ఇప్పించిన టీ ముట్టేవాడు కాదు. "వాడి టీ తాగాక వాడి ఎద్దు కుంటి మనకి కనపడదు" అనేవాడు.

పశువుల బేరగాడికి ఆ మాత్రం అనుమానం ఉండాలి. అద్దంకి చుట్టుపక్కల పత్తి, మిరప వేసే రైతులు అరకకి ఎడ్లు కావాలన్నా, ఉన్నవి అమ్ముకోవాలన్నా బుడేని వెంటపెట్టుకుని సంతకి పోయేది అందుకే.

అసలు అతను ఈ పనిలోకి వచ్చింది తన చేతుల వల్ల. వాళ్ళది దూదేకుల ఇల్లు. తండ్రి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. బుడేకి పసితనం నుంచీ అరచేతులకి చెమట. అందరికీ పట్టే చెమట కాదు. చెయ్యి కిందకి వాలిస్తే వేళ్ళ కొసల్నుంచి బొట్లు రాలేవి. చలికాలమైనా అంతే. బళ్ళో పలక మీద రాసిన అక్షరాలు అతని చేతి కిందే చెరిగిపోయేవి. ఏకిన దూది చేతులకి అంటుకుని ఉండలు కట్టేది. "నువ్వు చెయ్యి పెట్టిన పరుపు మీద పడుకున్నోడికి జలుబు చేస్తదిరా" అని కసిరి, తండ్రి అతన్ని పశువుల బేరాలు చేసే మేనమామ వెనక పంపించాడు.

పశువులకి తడిచేతులతో పేచీ లేదు. పేచీ మనుషులతో వచ్చింది.

ఆ సంతల్లో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి తరఫున ఒక బేరగాడు, కొనేవాడి తరఫున ఇంకొకడు చెయ్యీ చెయ్యీ కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. పెద్ద అంకె ముందే అనుకుంటారు. ఆ పైమాట గుడ్డ కింద వేళ్ళ మీద నడుస్తుంది. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని వేల రూపాయలు. ఇష్టం లేనివాడు చెయ్యి విదిలిస్తాడు, ఒప్పుకున్నవాడు గట్టిగా నొక్కుతాడు. నొక్కాడంటే బేరం అయిపోయినట్టే. చుట్టూ ఎంతమంది నిలబడ్డా లోపల ఏం జరిగిందో ఆ రెండు చేతులకే తెలుసు.

బుడే తువ్వాలు ఎప్పుడూ తడిసి ముద్దగా ఉండేది. చెమట పట్టిన చెయ్యి అబద్ధం చెప్పే చెయ్యని సంతలో ఒక నమ్మకం. కొత్తవాళ్ళు అతని చెయ్యి పట్టుకుని, మొహం వంక అదోలా చూసేవాళ్ళు. ఊరందర్నీ అనుమానించే మనిషిని ఊరందరూ అనుమానించేవాళ్ళన్నమాట.

రెండు వేల ఒకటిలో, తొలకరికి ముందు, చెంచురామయ్య అనే పత్తి రైతు తన ఎడ్ల జతని సంతకి తోలుకొచ్చాడు. ఆయనా బుడే ఒకే ఊరివాళ్ళు, బాబాయ్ అని పిలుపు. కొనేవాడి తరఫున కోటేశు వచ్చాడు. కోటేశు వినుకొండ వైపు బేరగాడు. నలగని తెల్లచొక్కా, ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడే నోరు. తువ్వాలు కింద బుడే అతని నాలుగు వేళ్ళు పట్టుకున్నాడు. కోటేశు నొక్కాడు. తువ్వాలు తీశారు.

"పైన మూడు. అయిపోయింది" అన్నాడు కోటేశు.

"మూడేంది? నాలుగు కదా పట్టా!"

"నీ చెయ్యి కొర్రమీనులాగా జారిపోతా ఉంటే నాకేం తెలుసురా? మూడే తగిలినయ్యి, నొక్కా."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బుడే చేతుల సంగతి తెలియనివాడెవడు? నొక్కిన బేరం నొక్కినట్టే అన్నారు పెద్దలు. ఎడ్లు వెళ్ళిపోయాయి. తిరిగొచ్చేటప్పుడు చెంచురామయ్య బుడే కన్నా నాలుగడుగులు ముందే నడిచాడు. ఊరి మొదట్లో ఆగి అడిగాడు.

"వేలు జారిందా, నువ్వు జార్చావా?"

"బాబాయ్, చెమట..."

"నీ చెమట నాకు తెలియందా? కోటేశూ నువ్వూ మాట్లాడుకుని వచ్చారేమో, అది తెలియట్లా నాకు."

ఆ మాట ఊళ్ళో పడింది. పక్క ఊరికీ పాకింది. ఆ సీజన్లో బుడేని సంతకి పిలిచిన రైతులు తక్కువ. అన్నిటికన్నా అతన్ని తొలిచింది ఇంకోటి. కోటేశు మాట అబద్ధమని అతను అనుకోలేకపోయాడు. ఎవర్నీ నమ్మనివాడు ఆ ఒక్కరోజు తన చేతినే అనుమానించాడు. చిటికెన వేలు నిజంగానే జారి ఉంటుంది, నాకే తెలిసి ఉండదు, అనుకున్నాడు.

పటిక నీళ్ళలో చేతులు ముంచాడు. నిమ్మచెక్కలు రుద్దాడు. దర్గా దగ్గర తాయెత్తు కట్టించుకున్నాడు. తాయెత్తు దారం కూడా తడిసింది.

కూతురు నాజియా గుంటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. సెలవులకి వచ్చి తండ్రి వాలకం చూసింది. "నాయనా, మా హాస్టల్లో ఒకమ్మాయికి ఇట్టాగే ఉండేది. పరీక్ష పేపరు తడిసి చిరిగిపోయేది. అక్కడ చర్మాల డాక్టరమ్మ కరెంటు పెట్టి తగ్గించింది" అంది.

"కరెంటా!" అంది బుడే భార్య రసూల్‌బీ, చేతిలో గరిటె అట్టాగే పట్టుకుని. "మోటారు దగ్గర షాకు కొట్టి మనుషులు పోతావుంటే, ఎదురెళ్ళి పెట్టించుకుంటారా ఎవరన్నా?"

బుడేకి కరెంటు భయం కన్నా చర్మాల డాక్టరన్న మాట ఎక్కువ గుచ్చుకుంది. ఎవరన్నా చూస్తే ఏ రోగమనుకుంటారో! అయినా బస్సెక్కాడు. ఊళ్ళో మాత్రం కూతుర్ని చూడ్డానికి పోతున్నానని చెప్పాడు.

డాక్టర్ హైమావతి అతని చేతులు అటూ ఇటూ తిప్పి చూసింది. గుండె సంగతి, కళ్ళ సంగతి, ఒంటేలు సాఫీగా వస్తోందా లేదా, అన్నీ అడిగింది. చెమటకి కళ్ళెందుకో బుడేకి అర్థం కాలేదు. ఈవిడ ఇంకేదో రోగం అంటగట్టేట్టు ఉందనుకున్నాడు.

"ఇది భయం వల్ల వచ్చే చెమట కాదండీ. చెమట గ్రంథులకి నరాలు పంపే కబురు మీకు ఎక్కువగా పోతోంది, అంతే" అందామె.

లోపలి గదిలో జోసఫ్ అనే టెక్నీషియన్ రెండు ప్లాస్టిక్ పళ్ళేల్లో నీళ్ళు పోశాడు. పళ్ళెం అడుగున రేకు, రేకు మీద గుడ్డ. రేకుల నుంచి రెండు తీగలు ఒక చిన్న పెట్టెలోకి పోతున్నాయి. బుడే వేలికున్న వెండి ఉంగరం తీయించి, గీరుకుపోయిన చోట వాజలీను రాసి, చేతులు నీళ్ళలో పెట్టమన్నాడు. పెట్టె మీది మర ఒకటి మెల్లిగా తిప్పాడు. అరచేతుల్లో చీమలు పాకినట్టు అనిపించింది.

సగంలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, లైటు ఆరింది. చీమలు మాత్రం పాకుతూనే ఉన్నాయి. బుడే చేతులు దిగ్గున పైకి లాగబోయాడు.

"లాగొద్దు! ఒక్కసారి తీస్తే జిల్లుమంటది" అని జోసఫ్ అతని భుజం పట్టుకున్నాడు.

"కరెంటు లేకపోయినా నడుస్తందే! మరి ఇంతసేపూ కరెంటు అని చెప్పారు?"

జోసఫ్ మర మెల్లిగా వెనక్కి తిప్పి, పెట్టె వెనక మూత తీసి చూపించాడు. లోపల వరసగా బ్యాటరీలు. "మధ్యలో కరెంటు పోయి వస్తే పేషెంటు ఎగిరిపడతాడండీ. అందుకని బ్యాటరీలే పెడతాం."

టార్చిలైటు బ్యాటరీలు. వీటితోనా నలభై ఏళ్ళ చెమట ఆరేది? అనుకున్నాడు బుడే.

కళ్ళెదురుగా చూపించని చోట సరుకు ఉండదని అతని లెక్క. అందుకని, నాలుగైదుసార్లు పెట్టించుకున్నాక ఒకరోజు, పళ్ళేల్లో పోసే నీళ్ళు ఎక్కడివా అని జోసఫ్ వెనకే పోయాడు. జోసఫ్ వరండాలో కుళాయి తిప్పి మగ్గు పట్టాడు. అదే కుళాయి కింద ఎవరో కాళ్ళు కడుక్కుని వెళ్ళారు.

బుడే నేరుగా డాక్టరు గదిలోకి వెళ్ళాడు. "అమ్మా, అద్దంకి నుంచి బస్సు మారి వస్తన్నా నేను. కుళాయి నీళ్ళు మా ఇంట్లోనూ ఉన్నయ్యి."

హైమావతి కోప్పడలేదు. "చాలామందికి ఉత్త నీళ్ళే పనిచేస్తాయండీ. నీళ్ళలో కొంచెం ఉప్పు గుణం ఉంటుంది, కరెంటు దాన్ని చర్మంలోకి నెడుతుంది. చెమట తగ్గుతుంది. మీకు ఇన్నిసార్లు పెట్టినా అంతగా తగ్గలేదు కాబట్టి ఈసారి నీళ్ళలో మందు కలుపుదామనుకుంటున్నాను. సూది ఉండదు, మింగేదీ ఉండదు."

"మరి మందు లోపలికి ఎట్టా పోతది?"

"కరెంటు తోస్తుంది."

బుడే ఆమె మొహం వంక చూశాడు, ఎద్దు కొమ్ములు చూసినట్టు. "అట్టయితే కుడి చేతికే వెయ్యండి. ఎడమది ఉత్త నీళ్ళలో ఉండనీండి. కొత్త ఎద్దుని పాత ఎద్దు పక్కన కట్టి నడిపిస్తేనే దాని సంగతి తెలుస్తది."

డాక్టరుకి ఆ బేరం నచ్చినట్టుంది. సరేనంది.

ఆ రోజు తిరుగుబస్సులో ఏమీ అనిపించలేదు. అద్దంకిలో దిగి మిరపకాయ బజ్జీ కొనుక్కుని కొరికాడు. ముద్ద నోట్లో తిరగలేదు. నాలుక అంగిలికి అతుక్కుంటోంది. ఉమ్మేద్దామంటే ఉమ్మి లేదు. మంచినీళ్ళు తాగాడు, గొంతు తడిసి మళ్ళీ ఎండిపోయింది. ఇంటికి చేరేసరికి మాట కూడా గరగరలాడుతోంది.

రసూల్‌బీ గుండె బాదుకుంది. "మందు పెట్టార్రా నాయనో! నీకెవరో మందు పెట్టారు! ఏం తిన్నావు వాళ్ళ దగ్గర? ఏం తాగావు?"

"ఏమీ ముట్టలేదే! టీ ఇస్తానన్నా వద్దన్నా."

పెట్టుడు మందంటే అన్నంలోనో, కిళ్ళీలోనో కలిపి పెట్టాలి. తినకుండా, తాగకుండా మందు పడడం ఎవరూ వినలేదు. ఆమె మజ్జిగ మీద మజ్జిగ తాగించింది. బుడే గోడకి చేరగిలబడి ఒక్కొక్కర్నే తలుచుకున్నాడు. బస్సులో పక్కన కూర్చున్నవాడు, బజ్జీలవాడు, జోసఫ్. కోటేశు గుంటూరులో ఎవరినన్నా పట్టుకుని ఇదంతా చేయిస్తున్నాడా అని కూడా అనుకున్నాడు.

తెల్లారి లేచి తువ్వాలు తీసుకోబోయి ఆగిపోయాడు. కుడి అరచెయ్యి పొడిగా ఉంది. ఎడమది ఎప్పటిలా తడి. రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుని చూశాడు. రసూల్‌బీ బుగ్గలకీ ఆనించాడు. ఆమె కుడి చేతిని రెండోసారి తనే లాక్కుని ఆనించుకుంది.

"బాగుందిలే గానీ, ఇంక పోబాకు" అందామె.

పోకుండా ఎట్టా? అడగాల్సింది ఉంది. మళ్ళీ గుంటూరు వెళ్ళి డాక్టరు బల్ల ముందు నిలబడ్డాడు. "నేను మీ దగ్గర మంచినీళ్ళు కూడా తాగలేదు. నాకు మందెట్టా పెట్టారు?"

హైమావతికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాపుకుంది. "అవునండీ, పెట్టాం. చేతిలోంచి పెట్టాం. చెమటని ఆపే మందే ఉమ్మినీ ఆపుతుంది. చర్మం దాటి కొంచెం నెత్తురులో కలిసింది, అందుకే నోరెండింది. కళ్ళ సంగతి, ఒంటేలు సంగతి అడిగింది కూడా అందుకే. వాటి మీదా పనిచేస్తుంది ఇది. ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఈసారి మోతాదు తగ్గిస్తాను."

"తోస్తది తోస్తది అంటన్నారు. ఎట్టా తోస్తది?"

"ఈ మందు నీళ్ళలో కరిగితే దాని రేణువుల మీద కరెంటు గుణం ఉంటుంది. కరెంటులో రెండు రకాలు. ఒకే రకానివి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. పళ్ళెంలో రేకుకి కూడా అదే రకం ఇస్తే, రేకు మందుని అవతలికి నెడుతుంది. అవతల ఉన్నది మీ చెయ్యే. చెమట బయటికొచ్చే దారులే మందు లోపలికి పోయే దారులు."

బుడే ఆలోచించాడు. "ఒకే కొట్టంలో రెండు ఆంబోతుల్ని వదిలితే ఒకటి దడి దూకి పోయినట్టు."

"సరిగ్గా అంతే."

చెప్పింది అర్థమైంది. అర్థమవడం వేరు, నమ్మడం వేరు. "మాటలు బాగానే ఉన్నయ్యి తల్లీ. మాటలు సంతలో కూడా బాగానే ఉంటయ్యి" అన్నాడు.

డాక్టరు చేతిలో కలం పక్కన పెట్టింది. "సరే. పళ్ళేలు నేనే పక్క గదిలో నింపి తెస్తాను. మందు వేశానో లేదో మీకు చెప్పను, జోసఫ్‌కీ చెప్పను. మీరే తేల్చి చెప్పండి."

ఆ పరీక్షకి బుడే ఇంటి నుంచి చింతపండు తెచ్చుకున్నాడు. చేతులు పళ్ళెంలో పెట్టేముందు ఒక రెబ్బ నోట్లో వేసుకున్నాడు. బుగ్గల నిండా నీళ్ళూరాయి. అయ్యాక మధ్యాహ్నం దాకా వరండా బల్ల మీద కూర్చుని ఇంకో రెబ్బ వేసుకున్నాడు. మళ్ళీ ఊరాయి. లోపలికి వెళ్ళి "ఇయ్యాళ ఉత్త నీళ్ళే" అన్నాడు. ఉత్త నీళ్ళే అని ఆమె ఒప్పుకుంది. ఆ తర్వాతిసారి వచ్చినప్పుడు చింతపండు నాలుక మీద చెక్కముక్కలా ఉండిపోయింది. "ఇయ్యాళ వేశారు." వేశానందామె. ఇంకోసారి కూడా చేయించి, అదీ సరిపోయాక, బుడే మొదటిసారి ఆ ఆసుపత్రిలో టీ తాగాడు. నోరెండి ఉండబట్టి దాని రుచేమీ తెలియలేదు.

తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చుని అతను ఆ పరీక్ష గురించే ఆలోచించాడు. ఎదుటివాడికి తెలియకుండా చేస్తేనే నిజం బయటపడుతుంది. నరసరావుపేట దాటుతుండగా ఇంకో ఆలోచన తగిలింది. ఇన్నేళ్ళుగా ఇదే తడి చెయ్యితో ఎంతమందికి వేళ్ళు ఇచ్చాడు! తిట్టుకున్నారు, తుడుచుకున్నారు, మొహం చిట్లించారు. కానీ వేళ్ళ లెక్క తప్పిందన్నవాడు ఎవడు? వెనక్కి తవ్వుకుంటూ పోయాడు. కోటేశు ఒక్కడే. ఆ ఎడ్ల రోజే కాదు, అంతకు ముందు ఒక పాడిగేదె బేరంలో కూడా కోటేశే.

ఎడమచేతికీ మందు పెట్టించుకుని, రెండు చేతులూ బాగా ఆరాక, చలికాలం సంతకి ఒక చిన్న రైతు కోడెని తోలుకుని వెళ్ళాడు. చేతుల సంగతి ఎవరికీ చెప్పలేదు. కొనేవాడి తరఫున కోటేశు రావడం చూసి, పశువుల నీళ్ళతొట్టి దగ్గరికి పోయి తువ్వాలు ముంచి పిండాడు. చేతులు పొడిగా తుడుచుకుని, తడిగుడ్డ భుజాన వేసుకుని వచ్చాడు.

"ఏం బుడే, చలిలో కూడా చెమటేనా?" అన్నాడు కోటేశు, గుడ్డ తగలగానే.

"నా రాత" అన్నాడు బుడే.

గుడ్డ కింద అతను కోటేశు నాలుగు వేళ్ళు పట్టుకున్నాడు. పొడి చెయ్యి పట్టు ఎట్టా ఉంటుందో అతనికీ అప్పుడే తెలిసింది. కోటేశు నొక్కాడు.

"పైన మూడు. అయిపోయింది" అన్నాడు కోటేశు నవ్వుతూ.

బుడే చెయ్యి వదల్లేదు. ఎడమచేత్తో తువ్వాలు లాగి కింద పారేశాడు. అందరూ చూశారు. చూపుడువేలు నుంచి చిటికెన వేలు దాకా కోటేశు వేళ్ళు నాలుగూ బుడే పిడికిట్లో ఉన్నాయి. బొటనవేలు ఒక్కటే బయట.

"లెక్కపెట్టుకోండి" అన్నాడు బుడే.

కోటేశు చెయ్యి గుంజుకోబోయాడు, రాలేదు. మొహంలో నవ్వు పోయింది. కానీ ముందు అరిచింది సంత పెద్దలు, అరిచింది బుడే మీద. "తువ్వాలు లాగటం ఏంట్రా? ఎప్పుడన్నా ఉందా ఇది? మర్యాద లేదా?" వేళ్ళ లెక్క దాచినవాడి కన్నా గుడ్డ లాగినవాడి తప్పే పెద్దదైపోయింది. కోడె బేరం నాలుగుకే తేలింది, అది కాదనలేకపోయారు. కోటేశు కొన్నాళ్ళు ఆ సంతకి రావడం మానేసి తర్వాత మళ్ళీ వచ్చాడు. బుడేకి మాత్రం ఆ రోజు తర్వాత ఏ బేరగాడూ గుడ్డ కింద చెయ్యి ఇవ్వలేదు. చెయ్యి ఎట్టా ఆరిందో ఆరా తీసి, కరెంటు పెట్టించుకున్నాడట, ఇంక వాడి చేతిలో ఏముందో మనకి తెలియదు అనుకున్నారు. తడిచేతిని నమ్మనివాళ్ళు పొడిచేతినీ నమ్మలేదు.

దాంతో అతను ధర నోటితో చెప్పడం మొదలుపెట్టాడు. నలుగురిలో, గట్టిగా. బేరగాళ్ళు మొహం తిప్పుకున్నా, తమ ఎద్దు ధర తమ చెవులతో వినడం కొందరు రైతులకి నచ్చింది. వాళ్ళే అతనికి మిగిలారు. గుంటూరు ప్రయాణాలు ఆగలేదు. ఆ మందు పని కొన్ని వారాలే. రెండు ప్రయాణాల మధ్య ఎడం ఎక్కువైతే వేళ్ళ సందుల్లో తడి మళ్ళీ మొదలయ్యేది. ఎండాకాలం తప్పకుండా పోయేవాడు, చలికాలం బద్ధకించేవాడు. పోయిన ప్రతిసారీ పళ్ళెం నింపేటప్పుడు జోసఫ్ పక్కనే నిలబడి చూసేవాడు.

చెంచురామయ్య చాలాకాలం అటు తొంగిచూడలేదు. సంతలో జరిగింది ఆయన చెవినా పడింది. ఆ తర్వాత రెండేళ్ళకో ఏమో, మిరప కోతలు అయిపోయాక ఒక సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పాత సంగతి ఎత్తలేదు. దర్శి వైపు ఒక పాడిగేదె అమ్మకానికి ఉందనీ, వచ్చి చూడమనీ అడిగాడు.

"వస్తాలే బాబాయ్" అన్నాడు బుడే.

ఆయన లేచి, మళ్ళీ ఆగాడు. "నువ్వు మంచిదని చెప్పినంత మాత్రాన మంచిదవుద్దని ఏంటి నమ్మకం?"

"ఏమీ లేదు" అన్నాడు బుడే. "రెండు పూటలా నువ్వే దగ్గరుండి పిండించుకో."

చెంచురామయ్య తలూపి, పొద్దున్నే సైకిల్ తెస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.